అడగాల్సిన ప్రశ్న, చదవాల్సిన బిల్లు

2025 జులై 21న మొదలై ఆగస్టు 21న ముగిసిన పార్లమెంటు వర్షాకాల సమావేశాల్లో లోక్‌సభ ఎజెండాకు ఎక్కిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు 419. వాటిలో మంత్రులు సభలో లేచి నిలబడి జవాబు చెప్పినవి 55. సమావేశాల చివరి రోజున స్పీకర్ ఓం బిర్లా స్వయంగా చెప్పిన లెక్క ఇది. 120 గంటలు చర్చ జరపాలని అన్ని పక్షాలూ ముందే కూర్చుని అనుకున్నాయి. చివరికి జరిగింది 37 గంటలు. రాజ్యసభ పరిస్థితీ అంతంత మాత్రమే. అక్కడ పని జరిగింది 41 గంటల పైచిలుకు.

ఆ నెల రోజులూ టీవీల్లో మనం చూసినవి నినాదాలు, ప్లకార్డులు, పోడియం చుట్టూ మూగిన సభ్యులు, పదే పదే వాయిదాలు. చూసి విసుక్కున్నాం, ఛానెల్ మార్చేశాం. మన కంటపడనిది ఆ మిగిలిపోయిన 364 ప్రశ్నల సంగతి. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది వాటి గురించి, వాటితోపాటు ఎవరూ నిదానంగా చదవకుండానే చట్టాలైపోతున్న బిల్లుల గురించి. గొడవ వల్ల పార్లమెంటు పరువు పోతోందని అందరూ అంటూనే ఉన్నారు. పరువు మాట అలా ఉంచి, దానివల్ల మనకు, అంటే ఓటు వేసిన వాళ్ళకు, జరుగుతున్న నష్టం ఏమిటో చూద్దాం.

ముందు ప్రశ్న సంగతి. లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాల సమయం. రాజ్యసభలో మధ్యాహ్నం 12 నుంచి ఒంటిగంట దాకా. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు ప్రశ్న రాసి ఇవ్వాలి. వచ్చిన వాటిలోంచి లాటరీ తీస్తారు. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్ర గుర్తు పడుతుంది, అంటే వాటికి మంత్రి సభలోనే జవాబు చెప్పాలి. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులిస్తారు. ఢిల్లీలో ఒక ప్రశ్నకు జవాబు తయారు కావాలంటే సంబంధిత మంత్రిత్వ శాఖలో కింది సెక్షన్ నుంచి కార్యదర్శి దాకా ఫైలు కదలాలి. అవసరమైతే రాష్ట్రాల నుంచి వివరాలు తెప్పించాలి. ఏళ్ళ తరబడి బీరువాలో మూలుగుతున్న అంకె ఒకటి ఆ ప్రశ్న పుణ్యమా అని వెలుగు చూస్తుంది.

సభ జరగకపోయినా ఆ 364 ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు వస్తాయి కదా, నష్టమేమిటి అని మీరు అడగవచ్చు. వస్తాయి, నిజమే. కాని ఆ జవాబు అధికారులు వారం రోజులు కూర్చుని, ఎక్కడా చిక్కకుండా రాసిన జవాబు. నక్షత్ర గుర్తు ప్రశ్నకున్న బలమంతా దాని వెంట వచ్చే అనుబంధ ప్రశ్నల్లో ఉంది. మంత్రి జవాబు ముగించగానే అడిగిన సభ్యుడు మళ్ళీ లేచి, "మీరు నిధులు విడుదల చేశామన్నారు, ఖర్చయిందెంత?" అంటాడు. ఇంకో రాష్ట్రం సభ్యుడు లేచి, "మా దగ్గర అసలు పనే మొదలు కాలేదు" అంటాడు. ఆ క్షణంలో మంత్రికి శాఖ మీద పట్టుందో లేదో తేలిపోతుంది. పట్టున్న మంత్రి సూటిగా జవాబు చెబుతారు, లేనివారు నీళ్ళు నములుతారు. రెండూ రికార్డులో ఉండిపోతాయి. కాగితం మీది జవాబును ఎవరూ అలా నిలదీయలేరు.

ఒక్క ప్రశ్న ఎంత దూరం పోగలదో మన పార్లమెంటు చరిత్రలోనే ఉంది. 1957లో, జీవిత బీమా సంస్థ ఏర్పడి ఏడాది గడవకముందే, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన కంపెనీల్లో కోటి రూపాయలకు పైగా పెట్టుబడి పెట్టింది. అవి అప్పటికే ఇబ్బందుల్లో ఉన్న కంపెనీలు. ఆ సంగతి లోక్‌సభలో ప్రశ్న రూపంలో బయటికి వచ్చింది. మంత్రి జవాబుతో సభ్యులు తృప్తిపడలేదు. రాయ్‌బరేలీ సభ్యుడు ఫిరోజ్ గాంధీ దాన్ని పట్టుకుని వదల్లేదు. ఆయన పాలకపక్షం సభ్యుడు, పైగా ప్రధాని నెహ్రూకు అల్లుడు. జస్టిస్ చాగ్లా విచారణ జరిపారు, ఆ విచారణ బహిరంగంగా జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. సొంత పార్టీ మంత్రిని సొంత పార్టీ సభ్యుడే నిలదీస్తే సభ ఆ మాటను విన్నది, ప్రభుత్వం తలొగ్గింది. పాలసీ కట్టిన సామాన్యుడి డబ్బు కోసం జరిగిన పని అది.

అంత పాత కథ ఎందుకు, 2025 డిసెంబరునే చూద్దాం. పైలట్ల విశ్రాంతి వేళల కొత్త నిబంధనలకు తగ్గట్టుగా ఇండిగో సంస్థ సిద్ధపడకపోవడంతో వేలకొద్దీ విమానాలు రద్దయ్యాయి. పెళ్ళికి వెళ్ళాల్సినవాళ్ళు, పరీక్షకు వెళ్ళాల్సినవాళ్ళు, ఆస్పత్రికి వెళ్ళాల్సినవాళ్ళు శంషాబాద్‌లోనూ విశాఖలోనూ నేల మీద పడుకున్నారు. అప్పుడు పార్లమెంటు సమావేశాలు నడుస్తున్నాయి. పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు సభల్లో నిలబడి వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ జవాబు అందరికీ నచ్చిందా లేదా అన్నది వేరే మాట. కష్టం వచ్చిన వారంలోనే, దేశమంతా చూస్తుండగా, బాధ్యుడైన మంత్రిని అడిగే వేదిక ఒకటి పని చేస్తూ ఉంది. వర్షాకాల సమావేశాల్లో చాలా రోజులు మనకు లేకుండా పోయింది ఆ వేదికే.

మరి వర్షాకాల సమావేశాలు ఎందుకలా అయ్యాయి? పహల్గాం దాడి, ఆపరేషన్ సిందూర్‌ల మీద జులై చివర్లో ఉభయ సభల్లో సుదీర్ఘ చర్చ జరిగింది. ప్రధాని నుంచి ప్రతిపక్ష నాయకుడి దాకా అందరూ మాట్లాడారు. ఆ మూడు రోజులూ సభ సభలాగే ఉంది. బీహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మీద కూడా చర్చ కావాలని ప్రతిపక్షాలు పట్టుబట్టాయి. ఎన్నికల సంఘం రాజ్యాంగబద్ధమైన సంస్థ, దాని పని మీద సభలో చర్చ కుదరదు, విషయం కోర్టులోనూ ఉంది అని ప్రభుత్వం అంది. ఎవరి పట్టు వారిదే. ఆగస్టు అంతా అలా కరిగిపోయింది. శీతాకాల సమావేశాల్లోనూ మొదటి రెండు రోజులు అదే గొడవ. అప్పుడు నాయకులు కూర్చుని మాట్లాడుకున్నారు. "ఎన్నికల సంస్కరణలు" అన్న పేరుతో డిసెంబరు 9, 10 తేదీల్లో లోక్‌సభలో చర్చ జరిగింది. ప్రతిపక్షం చెప్పాల్సింది చెప్పింది, హోంమంత్రి జవాబిచ్చారు, సభ ముందుకు సాగింది. డిసెంబరులో కుదిరిన ఒప్పందం ఆగస్టులోనే కుదిరి ఉంటే ఆ 364 ప్రశ్నల్లో చాలా వాటికి సభలో జవాబు దొరికేది. తప్పు ఒక్కరిది కాదు. సభ నడపాల్సిన మొదటి బాధ్యత ప్రభుత్వానిది. సభను నడవనివ్వాల్సిన బాధ్యత ప్రతిపక్షానిది. రెండింట్లో ఏది తప్పినా నష్టపోయేది ఓటరే.

ఇక రెండో విషయం, బిల్లులు. సభ సజావుగా నడిస్తే చాలు, అన్నీ చక్కబడతాయి అనుకుంటాం. 2025 శీతాకాల సమావేశాల్లో లోక్‌సభ 111 శాతం, రాజ్యసభ 121 శాతం పని చేశాయని ప్రభుత్వ లెక్క. అనుకున్న గంటల కన్నా ఎక్కువే కూర్చున్నారన్న మాట. చాలా సంతోషం. అదే సమావేశాల్లో ఏం జరిగిందో మన ఊళ్ళకు సంబంధించిన ఒక్క బిల్లును దగ్గర పెట్టుకుని చూద్దాం.

గ్రామీణ ఉపాధి హామీ పథకం మన గడ్డ మీద మొదలైంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ దాన్ని ప్రారంభించారు. ఆ చట్టం ఎలా తయారైందో గుర్తు చేసుకోవాలి. 2004 డిసెంబరులో బిల్లు లోక్‌సభకు వచ్చింది. గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘానికి, అంటే అన్ని పార్టీల ఎంపీలు కూర్చుని బిల్లులను పరిశీలించే కమిటీకి, పంపారు. ఆ సంఘానికి అధ్యక్షుడు కల్యాణ్ సింగ్, ప్రతిపక్ష భారతీయ జనతా పార్టీ నాయకుడు. మొదటి బిల్లు పేద కుటుంబాలకే పరిమితం. అలా గీత గీస్తే అర్హులు బయట ఉండిపోతారన్న వాదన సంఘం ముందుకు వచ్చింది, బయటా సాగింది. చివరికి 2005 ఆగస్టులో సభ ఆమోదించిన చట్టంలో, ఒళ్ళు వంచి పని చేస్తామన్న ప్రతి గ్రామీణ కుటుంబానికీ హక్కు వచ్చింది. ఎనిమిది నెలలు పట్టింది. గ్రామసభ ముందు లెక్కలు చదివి వినిపించే సామాజిక తనిఖీ కూడా ఆ చట్టంలోనే ఉంది. దాన్ని పట్టుదలగా అమలు చేసి దేశానికి దారి చూపించింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్.

ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త బిల్లు, వికసిత్ భారత్ జీ రామ్ జీ అని వార్తల్లో మీరు విన్న బిల్లు, 2025 డిసెంబరు 16న లోక్‌సభలోకి వచ్చింది. 18న లోక్‌సభ ఆమోదించింది. ఆ అర్ధరాత్రి దాటాక రాజ్యసభ ఆమోదించింది. మూడు రోజులన్న మాట. ఆ మూడు రోజుల్లో సభ్యులు రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడారు, కాదనను. పని దినాలు 100 నుంచి 125కు పెంచుతున్నాం, అక్రమాలకు అడ్డుకట్ట వేస్తున్నాం అని ప్రభుత్వం చెప్పింది. అడిగిన వాళ్ళకల్లా పని అన్న హక్కు పోయి, కేంద్రం ముందే నిర్ణయించే కేటాయింపుకు లోబడాల్సి వస్తుంది, ఖర్చులో 40 శాతం రాష్ట్రాల మీద పడుతుంది, గాంధీ పేరు తీసేస్తున్నారు అని ప్రతిపక్షం అంది. బిల్లును సంఘానికి పంపమని కోరింది. పంపలేదు. లోక్‌సభలో ప్రతులు చిరిగాయి, బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది.

ఇందులో ఒకే ఒక్క అంశం తీసుకుంటాను. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో, ఏడాదిలో మొత్తం 60 రోజుల దాకా, ఈ ఉపాధి పనులు ఆపవచ్చని కొత్త చట్టం చెబుతోంది. ఏ రోజులో రాష్ట్రాలే ప్రకటించాలి. మన పల్లెల్లో ఇది ఎంత నలిగిన విషయమో మీకు తెలుసు. నాట్ల వేళ కూలీలు దొరకడం లేదని, మిరప కోతకు పొరుగు జిల్లాల నుంచి మనుషుల్ని తెచ్చుకోవాల్సి వస్తోందని రైతు ఏళ్ళుగా మొత్తుకుంటున్నాడు. ఉపాధి పని ఉండబట్టే మా కూలి రేటు పెరిగింది, అది లేకపోతే మోతుబరి ఎంతిస్తే అంత పుచ్చుకోవాలి అని కూలికి వెళ్ళే ఆడమనిషి అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. గోదావరి డెల్టాలో నాట్ల తేదీలు వేరు, అనంతపురంలో వేరుశనగ విత్తే తేదీలు వేరు, ఖమ్మంలో పత్తి తీసే తేదీలు వేరు. జిల్లాకొక లెక్క పెట్టాలా, మండలానికొకటి పెట్టాలా? ఆ రోజుల్లో పొలం పని దొరకని మనిషి ఏం చేయాలి? ఇవన్నీ స్థాయీ సంఘం గదిలో రైతును, కూలీని, ఫీల్డ్ అసిస్టెంట్‌ను, జిల్లా అధికారిని కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలు. సభలో ఒక్కో సభ్యుడికి దొరికే నాలుగైదు నిమిషాల్లో అవి తేలవు. కొత్త చట్టం మంచిదని మీరు అనుకోవచ్చు, పాతదే మేలని అనుకోవచ్చు. కోట్ల మంది జాబ్‌కార్డులతో ముడిపడ్డ బిల్లుకు ఆ పరిశీలన దక్కాల్సింది అన్నదాంట్లో మనకు పేచీ ఉండనక్కర్లేదు.

సంఘానికి పంపితే ఏం ఒరుగుతుంది అనేవారికి 2025లోనే జవాబుంది. కొత్త ఆదాయపు పన్ను బిల్లు ఫిబ్రవరి 13న సభలోకి వచ్చింది. దాన్ని బైజయంత్ పండా అధ్యక్షతన సెలెక్ట్ కమిటీకి పంపారు. కమిటీ నాలుగు నెలలకు పైగా కూర్చుని 285 సిఫార్సులు చేసింది. మొదటి బిల్లులో ఒక క్లాజు ఉండేది. రిటర్ను గడువు తేదీ దాటాక దాఖలు చేస్తే రిఫండు రాదని దాని భావం. జబ్బు చేసో, కాగితాలు అందకో నాలుగు రోజులు ఆలస్యమైన ఉద్యోగి, తాను ఎక్కువగా కట్టిన సొంత డబ్బును కోల్పోయేవాడు. కమిటీ ఆ క్లాజు తీసేయమంది. ప్రభుత్వం ఒప్పుకుంది, పాత బిల్లు ఉపసంహరించుకుని సవరించిన బిల్లు తెచ్చింది. అధికార, ప్రతిపక్ష సభ్యులు కలిసి కూర్చుని కాగితం చదివితే దొరికే ప్రయోజనం ఇలాంటిది. అయితే అంత శ్రమతో తయారైన ఆ బిల్లును ఆగస్టు 11న లోక్‌సభ గొడవ మధ్య, చర్చ లేకుండా, నిమిషాల్లో ఆమోదించింది. 1961 నాటి చట్టం స్థానంలో వచ్చిన 536 సెక్షన్ల చట్టం అది.

అదే ఆగస్టులో ఆన్‌లైన్ మనీ గేమ్‌లను నిషేధించే బిల్లు 20న లోక్‌సభలోకి వచ్చి అదే రోజు ఆమోదం పొందింది. 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. ఆ ఆటల్లో డబ్బు పోగొట్టుకుని కూలిపోయిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించిన కారణం అదే. ఉద్దేశం మంచిదే. కాని రాష్ట్రాల నిషేధాన్ని ఆ యాప్‌లు ఎలా దాటుకున్నాయి, విదేశాల నుంచి నడిచే వాటిని ఆపేదెలా అన్న అనుభవం మన దగ్గర ఉంది. దాన్ని సభ ముందు పెట్టే వ్యవధి ఎవరికీ దొరకలేదు.

శ్రోతల్లారా, ఊళ్ళో రెండు సెంట్ల స్థలం కొన్నా దస్తావేజు ఒకటికి రెండుసార్లు చదివించుకుని గాని సంతకం పెట్టం. చదవకుండా పెట్టిన సంతకం ఎలా తిరగబడుతుందో తెలుగువారికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 13న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభకు వచ్చినప్పుడు సభలో పెప్పర్ స్ప్రే చల్లారు. 18న బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. 20న రాజ్యసభ ఆమోదించింది. తెలంగాణకు దశాబ్దాల ఆకాంక్ష నెరవేరిన ఘడియలు అవి. ఆంధ్రకు గాయమైన ఘడియలు. ఆ భావాలు ఎవరివి వారివి, వాటి జోలికి నేను పోను. చట్టం కాగితం సంగతి చూడండి. ప్రత్యేక హోదా గురించి ప్రధాని రాజ్యసభలో నోటిమాటగా హామీ ఇచ్చారు, చట్టంలో ఆ మాట లేదు. ఆ లేని మాట మీద ఏళ్ళ తరబడి రాజకీయం నడిచింది. తొమ్మిదో షెడ్యూలులోని సంస్థల ఆస్తులు, పదో షెడ్యూలులోని శిక్షణ సంస్థలు ఎవరికెంత అన్నది చట్టం స్పష్టంగా తేల్చకపోవడంతో రెండు రాష్ట్రాలు పదేళ్ళకు పైగా కోర్టుల చుట్టూ, కేంద్ర హోంశాఖ చుట్టూ తిరిగాయి. ఆ సంస్థల్లో పని చేసిన ఉద్యోగులు జీతాల కోసం, పదోన్నతుల కోసం ఎదురుచూశారు. విభజన కోరినవారికీ వద్దన్నవారికీ కూడా ఆ క్లాజులు ప్రశాంతంగా చర్చకు వచ్చి ఉంటే మేలే జరిగేది. చట్టసభలో గంట మిగిలిందనుకుంటే బయట ప్రజలకు పదేళ్ళు ఖర్చయ్యాయి.

సంఘాలు అన్నింటికీ మందు అని నేను అనడం లేదు. వక్ఫ్ సవరణ బిల్లును 2024 ఆగస్టులో 31 మంది సభ్యుల సంయుక్త సంఘానికి పంపారు. లక్షల మంది వినతులు పంపారు. సంఘంలో మాత్రం అధికార పక్షం సవరణలే నెగ్గాయి, ప్రతిపక్షం సవరణలన్నీ వీగిపోయాయి. అయినా 2025 ఏప్రిల్‌లో ఆ బిల్లు మీద జరిగిన చర్చ చూడదగ్గది. లోక్‌సభ రాత్రి రెండు గంటల దాకా కూర్చుంది, మర్నాడు రాజ్యసభ తెల్లవారుజామున నాలుగింటిదాకా కూర్చుంది. సభ్యులు ఓట్లు లెక్కపెట్టించుకున్నారు. లోక్‌సభలో 288 అనుకూలం, 232 వ్యతిరేకం. రాజ్యసభలో 128, 95. ఏ సభ్యుడు ఎటు నిలబడ్డాడో దేశానికి తెలిసింది. మూజువాణి ఓటులో అది తెలియదు. "అవును" అన్న అరుపు, "కాదు" అన్న అరుపు, అంతే. 1999 ఏప్రిల్ 17న మన అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి స్పీకర్ స్థానంలో ఉండగా వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270తో, ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఒక్క ఓటుకు విలువ తెలిసేది లెక్కపెట్టినప్పుడే.

బాలయోగి పేరు ఎత్తాను కాబట్టి సభాపతి స్థానం గురించి ఒక మాట. 1967లో నీలం సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకర్ కాగానే తన పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నారు. ఆ స్థానంలో కూర్చున్నవాడు ఏ పక్షానికీ చెందడు అని చేతలతో చూపించారు. 2024 డిసెంబరులో రాజ్యసభ ఛైర్మన్ జగ్‌దీప్ ధన్‌ఖడ్‌ను తొలగించాలని ప్రతిపక్షాలు నోటీసు ఇచ్చాయి. రాజ్యసభ చరిత్రలో అలాంటి నోటీసు అదే మొదటిది. దాన్ని డిప్యూటీ ఛైర్మన్ తిరస్కరించారు. ధన్‌ఖడ్ 2025 జులై 21న, సమావేశాల మొదటి రోజునే రాజీనామా చేశారు. ఇక డిప్యూటీ స్పీకర్ పదవి. వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని రాజ్యాంగం 93వ అధికరణలో చెప్పింది. 2019 నుంచి 2024 దాకా 17వ లోక్‌సభ అయిదేళ్ళూ ఆ కుర్చీ ఖాళీగానే గడిచింది. ఆ పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం ఒక మంచి సంప్రదాయం. సభాపతి స్థానం మీద రెండు పక్షాలకూ నమ్మకం ఉంటే సగం గొడవలు పుట్టవు. 2023 డిసెంబరులో ఒకే సమావేశంలో ఉభయ సభల నుంచి 146 మందిని సస్పెండ్ చేసే దాకా వెళ్ళిందంటే, వారు లేకుండానే మూడు నేర చట్టాల బిల్లులు నెగ్గాయంటే, ఆ నమ్మకం ఎంత సన్నబడిందో తెలుస్తుంది.

సభ కూర్చునే రోజులూ తగ్గిపోయాయి. 1952 నుంచి 1957 దాకా మొదటి లోక్‌సభ 677 రోజులు కూర్చుంది. 17వ లోక్‌సభ కూర్చున్నది 274 రోజులు. సంఘాల పరిశీలనకు వెళ్ళిన బిల్లులు 15వ లోక్‌సభలో నూటికి 71 ఉంటే, 17వ లోక్‌సభలో సుమారు 16. బడ్జెట్ దగ్గరా ఇదే తీరు. 50 లక్షల కోట్లు దాటిన బడ్జెట్‌లో కొన్ని శాఖల పద్దులే చర్చకు వస్తాయి. మిగిలిన శాఖలన్నింటినీ ఒకే సాయంత్రం, గిలెటిన్ పద్ధతిలో, మూకుమ్మడిగా ఆమోదిస్తారు. ఒక పార్టీ పాలనలోనే ఇలా జరిగిందని చెప్పడం అన్యాయం. ఇది చాలా ఏళ్ళుగా పెరుగుతూ వచ్చిన అలవాటు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీకి ఇది సౌకర్యంగా తోస్తుంది, ప్రతిపక్షంలోకి రాగానే అన్యాయంగా కనిపిస్తుంది.

చేయాల్సింది పెద్దలు ఎప్పుడో చెప్పారు. జస్టిస్ వెంకటాచలయ్య నాయకత్వంలోని రాజ్యాంగ సమీక్షా సంఘం 2002లోనే లోక్‌సభ ఏడాదికి కనీసం 120 రోజులు, రాజ్యసభ 100 రోజులు కూర్చోవాలని సూచించింది. దాన్ని నియమంగా మార్చాలి. నిజంగా అత్యవసరమైనవి తప్ప ప్రతి బిల్లూ ఏదో ఒక సంఘం ముందుకు వెళ్ళి తీరాలి. బ్రిటన్ దిగువ సభలో చర్చా విషయాన్ని ప్రతిపక్షమే నిర్ణయించే రోజులు, సాధారణంగా ఏడాది సాగే ఒక్కో సెషన్‌కు 20 ఉంటాయి. అలాంటి రోజులు మన సభలోనూ ఉంటే పోడియం దగ్గరికి పరుగెత్తాల్సిన పని తగ్గుతుంది. ప్రశ్నోత్తరాల గంటను మాత్రం ఎంత గొడవలోనైనా ముట్టుకోకూడదని అన్ని పార్టీలూ ఒక ఒప్పందానికి రావాలి.

మన వంతు పని కూడా ఉంది. మీ ఎంపీ ఎప్పుడైనా మీ ఊరు వస్తే రోడ్డు గురించి, కమ్యూనిటీ హాలు గురించి అడుగుతారు కదా. అడగండి. దాంతోపాటు, "గత సమావేశాల్లో మీరు ఏ ప్రశ్నలు వేశారు, ఏ స్థాయీ సంఘంలో ఉన్నారు, దాని సమావేశాలకు ఎన్నిటికి వెళ్ళారు?" అని కూడా అడగండి. సభలో ఎవరేం అడిగారో, మంత్రి ఏం చెప్పారో పార్లమెంటు వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మీ ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయి ఫోనులో వెతికి పెట్టగలదు. ఒక బిల్లు సంఘానికి వెళ్ళినప్పుడు పత్రికల్లో ప్రకటన వస్తుంది, అభిప్రాయాలు రాసి పంపమని. రైతు సంఘాలు, ఉద్యోగ సంఘాలు, మహిళా సంఘాలు, కళాశాలల విద్యార్థులు ఆ ప్రకటన చూసి ఊరుకోకూడదు. మీ అనుభవం మీరు రాయండి. నాట్ల తేదీల గురించి రైతుకు తెలిసినంతగా ఢిల్లీలో కూర్చున్న అధికారికి తెలియదు.

సభ్యుడికి ప్రశ్న వేసే అవకాశం మన ఓటుతో వచ్చింది. దాన్ని వాడుతున్నాడా, వాడనిస్తున్నారా అన్నది మనం కనిపెట్టి ఉండాలి. ఎవరూ గమనించడం లేదని తెలిస్తే ఏ సభైనా తన పనిని మొక్కుబడిగానే చేస్తుంది. ప్రజలు గమనిస్తున్నారని తెలిస్తే ప్రశ్నలకు జవాబులు వస్తాయి, బిల్లులు చదివే ఓపికా వస్తుంది. మళ్ళీ పార్లమెంటు సమావేశమైనప్పుడు రేడియో వార్తల్లో "సభ వాయిదా పడింది" అన్న మాట వినబడితే, ఆ రోజు సభలో రావాల్సిన ప్రశ్నలేమిటో ఒక్కసారి వెతికి చూడండి. వాటిలో ఒకటి మీ జిల్లాదే కావచ్చు. దానికి సభలో జవాబు ఎందుకు రాలేదని మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి.